గొణుగుజెల్ల వంతు

కొంగలేరు పెద్ద ఏరేమీ కాదు. ఎండాకాలంలో దాన్ని దాటబోయేవాళ్లు చెప్పులు విప్పాలా, అక్కర్లేదా అని ఒడ్డున నిలబడి కాసేపు ఆలోచిస్తారు. వానాకాలంలో మాత్రం దానికి రోషం వస్తుంది. ఒక ఏడాది వరదలో ఎగువూరి పెళ్లిపందిరి పందిరిగానే కొట్టుకొచ్చి ఇసుకమెరక రేవులో ఆగిందనీ, అప్పటికింకా పప్పు వేడిగానే ఉందనీ, మేళగాళ్లు వాయించడం ఆపలేదనీ చెబుతారు. ఆ పప్పు తిన్నవాళ్లు ఇద్దరు ఇప్పటికీ ఊళ్లో తిరుగుతున్నారు కనుక నమ్మక తప్పదు.

ఆ ఏటి మీద ఇసుకమెరక దగ్గర ఒక చిన్న ఆనకట్ట ఉంది. ఆనకట్ట పక్కన తూము, తూము కింద కాలవ, కాలవ కింద నలభై మంది రైతులు. నలభయ్యోవాడు ధర్మలింగం. కాలవ నడిచి నడిచి ఇక నా వల్ల కాదని ఎక్కడ కూలబడుతుందో, అక్కడ ఉంటుంది అతని ఎకరంన్నర చేను. పక్కనే ఏరు కనబడుతూనే ఉంటుంది గానీ గట్టు తాటిచెట్టంత ఎత్తు. ఆ నీళ్లని చూసి సంతోషించడమే తప్ప చేనుకి ఎక్కించే దారి లేదు.

ఇసుకమెరకలో నీళ్లు వంతుల మీద. మనిషికొక పూట. పొద్దుటిపూట ఒకరిది, సాయంత్రంపూట ఇంకొకరిది. నలభై మందికి ఇరవై రోజులు. వంతు వచ్చిన రైతు పార భుజాన వేసుకుని తూము గట్టెక్కి, "నా వంతు" అని మూడుసార్లు కేక వెయ్యాలి. అప్పుడు లస్కరు నూకరాజు తూము తలుపు ఎత్తుతాడు. కేక వెయ్యకపోతే వంతు కిందివాడికి జారిపోతుంది. అందులో మొహమాటాల్లేవు. కర్రి సత్తియ్య పెళ్లిపీటల మీంచి బాసికంతో లేచొచ్చి మూడు కేకలేసి, తిరిగెళ్లి మూడుముళ్లు వేశాడు. ఇంకొకాయన పడిశంపట్టి గొంతు పూడిపోయి, గట్టు మీద నోరు తెరిచి మూస్తూ పూటంతా నిలబడ్డాడు. నీళ్లు మాత్రం ఆయన ముందునుంచే కిందివాడికి వెళ్లిపోయాయి. ధర్మలింగానికి ఆ బెంగ లేదు. అతను కేకేస్తే ఏటి అవతలి ఊళ్లో కోళ్లు గంపల కింద దూరతాయి.

ఆ ఏడాది వాన మొహం చాటేసింది. ధర్మలింగం నారుమడిని అతని భార్య మంగాయమ్మ బిందెలతో నీళ్లు మోసి తడిపి బతికించింది. నారు వయసు ఇరవై రోజులు. ముప్పై దాటకుండా ఊడ్చెయ్యాలి. దాటితే నారు ముదిరి కణుపు కడుతుంది. అప్పుడు ఊడిస్తే వచ్చేది వరి కాదు, చీపురుకట్ట. ఊడ్చాలంటే చేను దమ్ము చెయ్యాలి, దమ్ము చెయ్యాలంటే ఒక్క పూట నీళ్లు కావాలి. వంతు ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది. ఒక రోజు మిగులు కూడా ఉందని ధర్మలింగం ధీమాగా ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే ఊళ్లోకి పరాంకుశం గారి జీపు వచ్చింది.

ఆయన "స్థానిక అంతరించిపోవుచున్న మత్స్యజాతుల పరిరక్షణ మరియు సమతుల్య నదీజల వంతుల అమలు ప్రత్యేకాధికారి". ఆ హోదా జీపు మీద ఒక తలుపు దగ్గర మొదలై, వెనకవైపు సాగి, రెండో తలుపు దగ్గర పూర్తవుతుంది. ఆయనెవరో తెలుసుకోవాలంటే జీపు చుట్టూ ప్రదక్షిణం చెయ్యాలి. ఊరంతా చేసింది.

తూము గట్టు దగ్గర సభ జరిగింది. పరాంకుశం గారు కాగితం విప్పి, గొంతు సవరించుకున్నారు.

"కొంగలేటి యందు గొణుగుజెల్ల అను అరుదైన చేప నివసించుచున్నది. ప్రపంచమున మరెక్కడా లేదు. నదీజలాలపై రైతులకు గల హక్కును, చేపలకు గల హక్కును సమతుల్యం చేయు నిమిత్తం, సదరు చేపను ఇకమీదట ఈ ఆయకట్టు నందు మొదటి తరగతి రైతుగా భావించవలెనని ఉత్తర్వులు వెలువడినవి."

గొణుగుజెల్ల ఊరికి కొత్తదేం కాదు. జానెడు పొడవు, నాలుగు మీసాలు, అప్పుడే ఎవరో నిద్రలేపినట్టుండే మొహం. నీళ్లలోంచి పైకి తీస్తే గొణుగుతుంది. దాన్ని ఎవరూ తినరు. పూర్వం ఎవరో పులుసు పెడితే, మూత కింద నుంచి కూడా గొణుగుడు వినబడిందట. వండినావిడ మూత తియ్యకుండా గిన్నె గిన్నెంతా తీసుకెళ్లి ఏట్లో వదిలి, దణ్ణం పెట్టి వచ్చిందట.

రైతుసంఘం ప్రెసిడెంటు గవర్రాజు లేచాడు. "చేపకి నీళ్లెందుకండీ బాబూ? అది ఉన్నదే నీళ్లల్లో గదా."

"నీటిలో ఉండుట వేరు. నీటిపై హక్కు కలిగి ఉండుట వేరు," అన్నారు పరాంకుశం గారు. "ఇంతకాలం అది అక్కడ హక్కు లేకుండా ఉన్నది."

"అయితే దానికెన్ని వంతులండీ?"

"సమతుల్యత అనగా తలకొక పూట. రైతుకైనా చేపకైనా తల ఒక్కటే కదా?"

రైతులు ఒకరి తల ఒకరు చూసుకున్నారు. తలలు నిజంగానే ఒక్కొక్కటే ఉన్నాయి.

మర్నాడు చేపల గణన. నూకరాజు వలేశాడు. పరాంకుశం గారు గొడుగు కింద కూర్చుని లెక్క రాసుకున్నారు. పట్టిన చేపని చూపించడం, వదలడం, మళ్లీ వల వెయ్యడం. మధ్యాహ్నానికి నూకరాజుకి అనుమానం వచ్చింది.

"అయ్యా, ఇది పొద్దున్నదేనండి. తోక చిరిగింది చూడండి. ఇప్పటికి ఆరుసార్లు వచ్చింది."

"గణనయందు పోలికలకు తావులేదు. వచ్చిన ప్రతి చేపా వచ్చినట్టే."

"ఏట్లో మొత్తం కలిపి ఏడుంటాయండి. నాకు మొహాలు తెలుసు."

"నీకు మొహాలు తెలుసు. నాకు పద్ధతి తెలుసు."

సాయంత్రానికి లెక్క నలభై ఒకటి తేలింది. అంటే రైతుల కన్నా ఒకటెక్కువ. పాత వంతులు రద్దు. కొత్త వంతుల్లో ముందు చేపలు, తర్వాత రైతులు. చేపల వంతు నడిచినంతసేపూ కాలవ తూము మూసెయ్యాలి, నీళ్లన్నీ ఏట్లోకి పోవాలి. ధర్మలింగం వేళ్లు ముడిచాడు. చేపలకి ఇరవై రోజుల మీద ఒక పూట, ఆపైన రైతులకి ఇరవై. తన వంతు వచ్చేసరికి నారుకి అరవై రోజులు దాటతాయి.

"ఒసేవ్, మన నారు చీపురైపోద్దే," అన్నాడు ఇంటికొచ్చి.

"నీకు ఇల్లు ఊడ్చే యోగం ఉందేమో," అంది మంగాయమ్మ. అందిగానీ, బిందె పక్కన పడేసి గుమ్మంలో కూలబడింది. పదిహేను రోజులు మోసిన భుజం అది.

మూడోరోజు పొద్దున చేపల వంతు మొదలైంది. గవర్రాజు రాత్రంతా ఆలోచించి ఒక పట్టు పట్టాడు. "మా ఊళ్లో వంతంటే గట్టెక్కి కేకెయ్యాలండి. పార భుజానుండాలి. కేక లేకపోతే వంతు లేదు. మా తాతల కాలం నుంచీ ఇదే. రైతన్నాక చేపకైనా ఇదే."

రైతులందరూ అవునంటే అవునన్నారు. ఇక్కడితో చేప పని అయిపోయిందనుకున్నారు.

పరాంకుశం గారు ఎంతో గౌరవంగా తల ఊపారు. "స్థానిక ఆచారమును మన్నింపవలసినదే. పార విషయమున భుజములు లేనందున మినహాయింపు. కేక విషయమున, సభ్యుని హాజరుపరచుడు."

నూకరాజు బిందెలో చేపని తెచ్చి, గట్టు మీద పైకెత్తాడు. చేప నాలుగు మీసాలూ ఆడించి గొణిగింది. దించాడు. మళ్లీ ఎత్తాడు. గొణిగింది. మూడోసారి ఇంకాస్త విసుగ్గా గొణిగింది.

"ఏవందండీ?" అన్నాడు గవర్రాజు.

"'నా వంతు' అన్నది. దాని మాండలికంలో," అని పరాంకుశం గారు రిజిస్టరులో రాసి, తండ్రి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, 'కొంగలేరు' అని పూర్తిచేశారు.

తూము మూశారు. నీళ్లు ఆనకట్ట మీంచి దబదబా దూకాయి. హక్కుదారైన చేప ఆ నీటివైపు చూడనైనా చూడకుండా, ఎప్పుడూ ఉండే బండ కిందికి దూరి పడుకుంది.

అంతటితో ఆగినా బాగుండేది. నూకరాజు తాత నాటి నుంచీ తూము దగ్గర ఒక అలవాటుంది. ఎవరి వంతు నడుస్తున్నా ఏటివైపు చెక్క కింద నాలుగు వేళ్ల సందు వదిలిపెడతారు. బండ దగ్గర మడుగు ఎండకుండా ఉండటానికి. ఆ సందు పరాంకుశం గారి కంట్లో పడింది.

"ఇదేమిటి?"

"ఏటికి ఊపిరాడాలి గదండీ. ఆ చేపలు బతికేది దీనివల్లేనండి."

"అనగా రైతుల వంతు నడుచు సమయమున చేపలు వంతు లేకుండా నీరు వాడుకొనుచున్నవి! ఇది అక్రమ వినియోగము. చేపలకు చెడ్డపేరు రాకూడదు. తక్షణమే మూసివేయుము."

నూకరాజు ఆ సందులో గోనెసంచి కుక్కాడు. కుక్కుతూ చేపల వంక చూడలేకపోయాడు.

నారుకి ఇరవై నాలుగు రోజులొచ్చిన నాడు, ధర్మలింగం తూము గోడకి అంటించిన ఉత్తర్వు ముందు నిలబడ్డాడు. అతను ఐదో తరగతి దాకా చదివాడు. అక్షరం కింద వేలుపెట్టి తాపీగా చదువుతాడు. చదువుకున్నవాళ్లు ఎవరూ చివరిదాకా చదవని కాగితాల్ని చివరిదాకా చదవడం ఆ చదువులో ఉన్న సుఖం. ఆఖరి పేరా దగ్గర వేలు ఆగింది. 'గణనయందు నమోదు కాక మిగిలిపోయిన స్థానిక అంతరించిపోవుచున్న జలజీవులు ఎవరైనా ఉన్నచో, నెల దినములలోగా స్వయముగా దరఖాస్తు చేసుకొనవలెను.'

ఓటర్ల జాబితా కాగితంలోంచి ఎవరో ఆ పేరాని పట్టుకొచ్చి ఇక్కడ అతికించారు. ధర్మలింగానికి ఆ సంగతి తెలీదు. ప్రభుత్వం రమ్మంటోంది, వెళ్లాలి అనుకున్నాడు.

"ఏమేవ్, నేను చేపనని దరఖాస్తు పెడదామనుకుంటున్నాను," అన్నాడు.

మంగాయమ్మ పొయ్యి ఊదడం ఆపి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "పెట్టు. పాతికేళ్లుగా నువ్వేవిటో నాకూ తెలీకుండానే ఉంది."

పరాంకుశం గారు దరఖాస్తు చూసి నవ్వలేదు. నవ్వడానికి ఆయన ఫారంలో గడి లేదు. మర్నాడే విచారణకి ధర్మలింగం ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చున్నారు.

"సదరు జీవి స్థానికమా? వలస వచ్చినదా?"

"మా ముత్తాత పుట్టింది ఈ గదిలోనేనండి."

"స్థానికం. కొంగలేటి నీటిపై ఆధారపడి జీవించుచున్నదా?"

"ఆ నీళ్లు లేకపోతే చచ్చిపోతామండి."

"ఆధారపడినది. గత రెండు తరములలో సంఖ్య పెరిగినదా, తగ్గినదా?"

"మా తాత రోజుల్లో ఈ కాలవ కింద నూట పది మందుండేవోరండి. ఇప్పుడు నలభై."

పరాంకుశం గారి కలం ఆగింది. ఆయన మొదటిసారి తలెత్తి ధర్మలింగాన్ని చూశారు. "అరవై నాలుగు శాతం క్షీణత! గొణుగుజెల్ల కూడా ఇంత వేగముగా తగ్గలేదు. మిగిలినవి ఏమైనవి?"

"కొందరు పట్నంలో అపార్టుమెంట్లకి కాపలా ఉంటన్నారండి. కొందరు రొయ్యల చెరువుల కాడ. సింహాచలం ఆటో కొనుక్కున్నాడండి."

"ఆవాస విధ్వంసం," అని రాసుకున్నారు. "సంతానం?"

"ఇద్దరాడపిల్లలండి," అంది మంగాయమ్మ గుమ్మంలోంచి.

"గుడ్లు ఎన్ని పెట్టినవి?"

"అయ్యా, తమరు పెద్దోరు. మర్యాదగా ఉండదు."

"సరే, ఖాళీ వదిలివేయుదము. ఇక ముఖ్యమైన లక్షణము. ఒడ్డున పడవేసినచో గొణుగునా?"

ధర్మలింగం నోరు తెరిచేలోపు మంగాయమ్మ అందుకుంది. "ఒడ్డుదాకా ఎందుకండీ? మంచం మీద పడేసినా గొణుగుతాడు. మొన్న వంకాయకూరలో ఉప్పు తగ్గిందని పొద్దుగూకేదాకా గొణిగాడు."

"సాక్షి సమక్షమున నిర్ధారణ," అని రాసి, ఆయన ధర్మలింగం మొహంలోకి వంగి చూశారు. "మీసములు రెండే ఉన్నవి. నాలుగు ఉండవలెనే."

ధర్మలింగం పైపెదవి తడుముకున్నాడు. నారుమడి కళ్లముందు మెదిలింది. పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించారు. తర్వాత ఆయన మొహం మెల్లగా వెలిగింది.

"ఇది ఉపజాతి!"

ఇక మిగిలింది నీటి నివాస పరీక్ష. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా ఏట్లో గొంతు లోతున ఉండాలి. ధర్మలింగం తలపాగా తీసి నూకరాజుకిచ్చి దిగాడు. ఒడ్డున గొడుగు, గొడుగు కింద పరాంకుశం గారు, ఆయన ఒళ్లో రిజిస్టరు. మధ్యాహ్నం గేదెలు దిగి, ధర్మలింగం చుట్టూ చేరి, ఎవరో తమవాళ్లే అన్నట్టు కళ్లు మూసుకున్నాయి. మంగాయమ్మ చద్దన్నం తెచ్చింది. ఒడ్డునుంచి ముద్దలు కలిపి విసిరితే అతను నోటితో అందుకున్నాడు. మొదటి రెండూ గేదెలకి పోయాయి.

"ఆహారము: చద్దన్నం. సహభోజి: ఉల్లిపాయ," అని పరాంకుశం గారు రాసుకున్నారు.

"బావా, ఎలాగుంది?" అని నూకరాజు ఒడ్డునుంచి కేకేశాడు.

"కాళ్ల మీద ఏదో కొరుకుతోందిరా!"

"చుట్టాలు బావా. పలకరిస్తన్నారు."

పొద్దుగూకేసరికి ధర్మలింగం ఒళ్లు ఎండుచేప కన్నా ఎక్కువ ముడతలు పడింది. బయటికొచ్చేసరికి ఉత్తర్వు తయారుగా ఉంది. 'గొణుగుజెల్ల, మెరక ఉపజాతి. రెండు మీసముల రకం. ప్రపంచములో ఒకే ఒక్క జీవి కలదు.' ఏకైక జీవి కాబట్టి అత్యంత ప్రమాదస్థితి. అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నదానికి అన్నింటికన్నా ముందు వంతు. ఉత్తర్వు అమల్లోకి వచ్చేది మాత్రం మూడో రోజున, అంటే నారుకి ముప్పయ్యో రోజున, పొద్దుటిపూట.

మధ్యలో రెండు రోజులూ మంగాయమ్మ బిందె దించలేదు. ఆ పొద్దున ఊరంతా తూము గట్టుకి చేరింది. ధర్మలింగం పార భుజాన వేసుకొచ్చాడు. చేపలకి పార నిషిద్ధమని తీసేయించారు. వంతు అడిగే చేప నీళ్లలోంచి ఎత్తబడాలి కనుక, ఏట్లోకి దింపారు. నూకరాజు వెనకనుంచి రెండు చంకల కిందా చేతులేసి, గట్టిగా ఊపిరి పీల్చి ఎత్తాడు.

"నా వంతు!" అని అరిచాడు ధర్మలింగం. ఏటి అవతల కోళ్లు గంపల కింద దూరాయి.

పరాంకుశం గారు కలం పైకెత్తారు. "ఆగుము. చేపకు స్పష్టమైన ఉచ్చారణ లేదు. కేక చెల్లదు. గొణగవలెను."

పుట్టి బుద్ధెరిగాక ధర్మలింగం అరిచాడేగానీ, కావాలని గొణిగింది లేదు. రెండోసారి ఎత్తారు. "న్నా వంతు..." అన్నాడు నెమ్మదిగా. ఆ నెమ్మది కూడా ఆనకట్ట అవతలికి వినబడింది.

"స్పష్టముగా ఉన్నది. చెల్లదు. ఇంకొక అవకాశమే కలదు. తప్పినచో వంతు తోక చిరిగిన సభ్యునికి పోవును."

"అయ్యా, నా నడుం పోయేలా ఉందండి," అన్నాడు నూకరాజు. "ఉపజాతి బరువెక్కువగా ఉంది."

"బావూ, ఒక్క పూటండి!" అన్నాడు ధర్మలింగం. "సాయంత్రానికి నారు పోతాదండి."

మంగాయమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. నడుం మీద చెయ్యేసి, మామూలు గొంతుతో అంది.

"ఏవయ్యా, చెప్పడం మరిచాను. ఊడ్పులవగానే మా అమ్మా, మా తమ్ముడూ, వాడి పెళ్లాం, నలుగురు పిల్లలూ వత్తన్నారు. నెల్లాళ్లుంటారంట. నీ మంచం మా అమ్మకిత్తానన్నాను."

నూకరాజు ఎత్తాడు. నీళ్లు కారుతూ పైకొచ్చిన ధర్మలింగం నోట్లోంచి ఒక శబ్దం బయల్దేరింది. అందులో మాటంటూ లేదు. నెల్లాళ్ల చుట్టరికం, మంచం, బావమరిది గురక అన్నీ కలిసి, దవడల మధ్య నలిగి, ముక్కులోంచి వచ్చాయి. ఒకసారి మొదలుపెట్టినవాడు మూడుసార్లతో ఆగలేదు. ఎనిమిదిసార్లు గొణిగాడు. బండ కింద నుంచి నాలుగు గొణుగుజెల్లలు తలలు బయటపెట్టి చూశాయి.

"అద్భుతం!" అన్నారు పరాంకుశం గారు లేచి నిలబడి. "ఇంత స్వచ్ఛమైన గొణుగుడు నా ఉద్యోగకాలమున వినలేదు. వంతు మంజూరు."

తూము తలుపు లేచింది. ధర్మలింగం కాలవ వెంట నీటితో పాటు పరిగెత్తాడు. నీళ్లు మలుపు దగ్గర తడబడితే చేతులతో తోశాడు. మధ్యాహ్నానికి చేను నిండింది, నాగళ్లు దిగాయి, పొద్దుగూకేలోగా నారు నేలలోకి దిగింది. మంగాయమ్మ ఆఖరి కట్ట నాటి నడుమెత్తి, "మా అమ్మ రావట్లేదులే," అంది. ధర్మలింగం గట్టు మీద వెల్లకిలా పడి నవ్వాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. మర్నాడు గవర్రాజు దరఖాస్తు పెట్టాడు. వారంలో ఆయకట్టు అంతా ఏట్లో గొంతు లోతున ఉంది. గేదెలకి చోటు చాల్లేదు. బట్టతల ఉపజాతి, బొజ్జ ఉపజాతి, చుట్ట కాల్చు ఉపజాతి, రెండు పెళ్లిళ్ల ఉపజాతి. నలభై మందికి నలభై ఉపజాతులు. అన్నీ ప్రపంచంలో ఒక్కొక్కటే కనుక, ఏది ముందన్న తగవొస్తే, పరాంకుశం గారు బాగా ఆలోచించి పాత కాలవ వరసే ఖాయం చేశారు. అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నవాళ్లే ముందు కనుక అసలు చేపల వంతు ఇక రానేలేదు. ఇరవై రోజుల వంతు మళ్లీ ఇరవై రోజులకి వచ్చింది. ఒకే ఏట్లో నలభై కొత్త ఉపజాతుల్ని కనిపెట్టినందుకు ఆయనకి పెద్ద పదవి వచ్చింది. కొత్త హోదాకి జీపు చాలక బస్సు ఇచ్చారంటారు. బస్సు కనుమరుగవగానే నూకరాజు గోనెసంచి పీకేసి, నాలుగు వేళ్ల సందు మళ్లీ వదిలాడు. అసలు గొణుగుజెల్లలు తమకి హక్కులొచ్చిన సంగతీ, పోయిన సంగతీ తెలుసుకోకుండానే బండ కింద పిల్లల్ని పెట్టాయి.

ధర్మలింగం వరి పొట్టకొచ్చింది. ఆ దశలో ఒక్క తడి తగ్గినా గింజ తాలైపోతుంది. వంతు ఆ సాయంత్రమే. ఆలూమగలిద్దరూ చేలో దిగి కలుపు తీస్తుండగా, గట్టు మీద కొత్త అధికారి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. చిన్నవాడు. కాగితం మీద గీసిన బొమ్మ ఒకటి చేత్తో పట్టుకున్నాడు.

"నమస్కారం. ఈ ఆయకట్టు రికార్డులయందు రైతులు అను వర్గమున ఒక్క పేరు కూడా లేనందున, రైతు అంతరించినట్లు పైవారు భావించుచున్నారు. ఎక్కడైనా ఒకటి రెండు మిగిలి ఉన్నవేమో అన్వేషించు నిమిత్తం నన్ను నియమించినారు. దయచేసి చూడండి." బొమ్మ చూపించాడు. తలపాగా, మీసం, భుజాన పార, మోకాళ్ల దాకా బురద. "ఇటువంటిది ఈ పరిసరములలో కనబడినదా?"

ధర్మలింగం తలపాగా సర్దుకుని, పక్కన గుచ్చిన పార పీకి భుజాన వేసుకుని, బొమ్మని నిదానంగా చూశాడు. బురదలో దిగబడిన తన కాళ్లనీ చూశాడు. ఉన్నాడని ఒక్క మాటంటే తన పేరు ఏ రిజిస్టరులోకి పోతుందో, ఈ సాయంత్రం వంతు ఎవరికి జారుతుందో ఎవరు చెప్పగలరు? వరి వంక చూశాడు. పొట్ట నిండుగా ఉంది.

"లేదండీ," అన్నాడు. "మేం చేపలం."

"మా మావగారి రోజుల్లో ఉండేవోరంటండీ," అంది మంగాయమ్మ, కలుపు పీకుతూనే. "చాలా మంచోళ్లంట."

కొత్త అధికారి నిట్టూర్చి, ఆ మాట రాసుకున్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు. పుస్తకాల్లో చదివొచ్చిన ప్రేమ అతని గొంతులో నిజంగానే ఉంది.

"ఒకవేళ ఎప్పుడైనా కనబడితే బెదరగొట్టకండి. మందలించవద్దు, ఫారాలు ఇవ్వవద్దు. ముందు కాసిని నీళ్లు పెట్టండి. నీళ్లుంటే ఎక్కడికీ పోదట."

ధర్మలింగం తలపాగా కొసతో మొహం తుడుచుకున్నాడు.

"సాయంత్రం పెడతామండి," అన్నాడు.